ఎర్రబడ్డ నలభై ఎనిమిది వరుసలు

కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ల జాబితా చూసే గుమస్తాను మేమంతా జల్లెడమ్మ అనేవాళ్లం. ఏ కాగితమైనా ఆవిడ చేతిలో రాయీ రప్పా ఏరకుండా ముందుకు కదిలేది కాదు. ఇరవై రెండేళ్లు పక్క బల్ల దగ్గర కూర్చుని ఆ ఏరుడంతా భరించినవాణ్ణి నేను.

జాబితా కంప్యూటర్లో ఒక మామూలు ఫైలు. వరుసకొక మనిషి: పేరు, ఇంటి నంబరు, వయసు, ఫోను. ముందున్నవాళ్లకే ముందు ఆపరేషను. రెండుసార్లు రాయించుకున్నవాళ్లను తీసెయ్యమని పెద్ద డాక్టరు చెప్పారు. ఆవిడ కంప్యూటర్లో ఫైళ్లు దిద్దే ఎడిటరు ప్రోగ్రాముతో వెతికించింది. అచ్చు అవే వివరాలతో రెండోసారి కనబడ్డ ప్రతి వరుసా ఎర్రబడింది. నలభై ఎనిమిది. మీట నొక్కితే అన్నీ పోయాయి. డాక్టరు భేష్ అన్నారు. ఆవిడ ఆ రోజు నాకు టీ కూడా ఇప్పించింది, అదో వింత.

మూడు వారాలకు ఇద్దరు ముసలమ్మలు చేయీ చేయీ పట్టుకుని వచ్చారు. తోటికోడళ్లు. ఒకే పేరు, ఒకే ఇల్లు, ఒకే ఏడు పుట్టారు. ఒకేరోజు రాయించుకున్నారు. జాబితాలో మాత్రం ఒక్కరే ఉన్నారు. మళ్లీ రాయించుకుంటే ఎనిమిది నెలలు ఆగాలి.

"అది అక్కదే అని రాసుకోమ్మా, నేను తడుముకుంటూ నెట్టుకొస్తాను" అంది చిన్నావిడ.

"నోర్ముయ్యవే, నీకు ఎదురుగా ఉన్న గ్లాసే కనబడదు. దీనిదే రాయమ్మా" అంది పెద్దావిడ.

జల్లెడమ్మ తీసివేతలకు ముందున్న ఫైలు తెరిచి చూసింది. తర్వాత, "తప్పు నాది. మీలో ఒకర్ని నేనే తీసేశానండీ" అంది. మా ఆఫీసులో ఆ మాట అన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. డాక్టరు సణిగారు గానీ ఆ వారమే ఇద్దరికీ చేశారు.

పాత ఫైలు దాచే ఉంచింది కనుక, మిగిలిన నలభై ఏడుగురికీ ఆవిడ ఫోన్లు చేసింది. "మీ ఇంట్లో ఈ పేరుతో ఒకరా, ఇద్దరా?" అదే ప్రశ్న. కొందరు నవ్వారు, ఒకాయన చెడామడా తిట్టాడు. నలభై రెండు నిజంగానే రెండుసార్లు రాసినవి. నాలుగిళ్లలో ఇద్దరేసి ఉన్నారు. వాళ్లను తిరిగి చేర్చింది. చివరి ఫోను ఒక మనవరాలు ఎత్తింది.

"తాతయ్యలు ఇద్దరండీ, వియ్యంకులు. ఒకాయనకి పోయిన వారం చేశారు. రెండో ఆయన మీ పిలుపు కోసం చూస్తూనే ఉన్నారు. మొన్న మెట్లు కనబడక పడి, చనిపోయారు."

జల్లెడమ్మ ఫోను పెట్టేసి, ఆ వరుసను కూడా దాని చోట మళ్లీ చేర్చింది. ఎడిటరు దాన్ని వెంటనే ఎర్రగా చూపించింది. ఆవిడ రిటైరయ్యేదాకా అలాగే ఉంచింది. ఇప్పుడా ఫైలు నా చేతిలో ఉంది. తీసెయ్యడానికి నాకు మనసు రావడం లేదు.