సింహాద్రి తూకం రాళ్ళకి బొట్టు

మా ఆయన సింహాద్రి. భిలాయిలో మా ఖుర్సీపార్ పేటలో ఎవర్నడిగినా, "కొత్తిమీర కట్ట కూడా తూచి కొంటాడు, ఆయనేనా?" అంటారు. సిగ్గుతో చచ్చిపోతాను. ఒకరోజు సబ్జీవాడు నాకు దణ్ణం పెట్టి, "దీదీ, భయ్యాని తీసుకుపో, కట్ట ఊరకనే ఇచ్చేస్తా" అన్నాడు.

ఉద్యోగమూ అలాంటిదే దొరికింది మహానుభావుడికి. లక్ష్మీప్రసాద్ గారని ఒకాయన నడిపే చిన్న ల్యాబ్. బోల్టు మీద జింకు పూత ఎంతుందో తూచి కాగితమిస్తారు, కింద మా ఆయన సంతకం. పక్కనే ఉన్న కుమ్హారి ఊళ్ళో ఫ్యాక్టరీ బోల్టులు ఆ కాగితంతో జర్మనీ వెళ్తాయి. అక్కడివాళ్ళు కాగితం పక్కన పడేసి మళ్ళీ పరీక్ష చేస్తారు. అది తెలిసిన రోజు ఈయన అన్నం ముట్టడు.

"మళ్ళీ చూసేరంటే నన్ను నమ్మలేదనే కదే!"

"నమ్మకపోతే పోనీ, పులుసు చల్లారిపోతంది" అంటే నామీద ఇంతెత్తున లేస్తాడు.

ఏదో అంతర్జాతీయ గుర్తింపట. ల్యాబ్‌కి అదొస్తే ఇక్కడి సంతకం అక్కడా చెల్లుతుందట, మళ్ళీ పరీక్షలుండవట. దానికోసం ఫైళ్ళ చుట్టూ ప్రదక్షిణలు చేసేడు. చివరికి తనిఖీకి ఢిల్లీ నుంచి మేడమ్ వస్తున్నారని కబురొచ్చింది. అదీ విశ్వకర్మ పూజ అయిన మర్నాడే.

పూజనాడు మా అత్త నూకమ్మ కుంకం భరిణె పట్టుకుని ల్యాబ్‌కి బయల్దేరింది. భిలాయిలో ఆవేళ బొట్టు లేని మిషనుంటుందేటి? మావయ్య స్టీలు ప్లాంటులో ఉన్నన్నాళ్ళూ క్రేనుకి పెట్టించింది మరి. ఈయన పూలదండల గొడవలో ఉండగా, పెట్టెలో తళతళలాడే తూకం రాళ్ళు ఆవిడ కంటబడ్డాయి. చేతి జిడ్డు తగిలినా బరువు మారిపోతుందని పట్టకారుతో తప్ప ముట్టుకోకూడని రాళ్ళవి! ఓలమ్మో, ఒక్కోదాన్నీ వేళ్ళతో ఎత్తి, నూనెలో తడిపిన కుంకం పెట్టి, దణ్ణం పెట్టుకుని, పెట్టె మూసీసింది.

మర్నాడు మేడమ్ ఎదురుగా ఈయన పెట్టె తెరిచేడు. రాళ్ళన్నీ పేరంటానికి వచ్చిన ముత్తయిదువుల్లా కూర్చున్నాయి. తూస్తే ప్రతీదీ బరువెక్కువే.

లక్ష్మీప్రసాద్ గారు చెవిలో, "తుడిచెయ్ యార్" అన్నారట.

"తుడిస్తే సరైన బరువుకొచ్చిందని ఎవరు చెప్తారు సార్?" అని ఈయన తప్పంతా తనే రాసిచ్చీసేడు.

"మూలకారణం?" అని మేడమ్ అడిగేరు.

"మా అమ్మ, మేడమ్."

"మళ్ళీ జరక్కుండా ఏం చేస్తారు?"

"అమ్మని మార్చలేం. పెట్టెకి తాళం వేస్తాం."

ఆవిడ నవ్వాపుకోలేక పెన్ను కింద పడేసుకున్నారట. రాళ్ళని బయట పరీక్ష చేయించి ఆ కాగితం పంపండి, అప్పుడు చూద్దామని వెళ్ళిపోయేరు.

ఇంటికొచ్చి ఈయన గోడకేసి తిరిగి పడుకున్నాడు. అమ్మని ఒక్క మాటనలేదు. అత్త మాత్రం, "నా బొట్టుకి అంత బరువేట్రా?" అని ఒకటే ఏడుపు. నాకిద్దరి మీదా ఒళ్ళు మండింది, జాలీ వేసింది.

రాళ్ళు పరీక్షకి వెళ్ళి వచ్చేయి. కొన్నాళ్ళకి గుర్తింపూ వచ్చింది. మొన్న జర్మనీ నుంచి మెయిల్: బోల్టులు అందేయి, మీ రిపోర్టు చాలు, మేం మళ్ళీ పరీక్ష చెయ్యం. ఈయన ఫోను పట్టుకుని వీధిలో గెంతేడంటే నమ్మండి.

అత్త భరిణె మూత తీసింది. ఈయన ఝడుసుకున్నాడు.

"అమ్మా, ఆ రాళ్ళ జోలికి మాత్రం..."

"పోరా, రాళ్ళెవడిక్కావాలి! ఇలా వంగు. నిన్నెవరూ తూచరు కదా."

వంగేడు. కుంకం ముక్కు మీదంతా రాలింది. తుడుచుకోలేదు. నాకు ఏడుపొచ్చీసింది.