తియ్యబావి పక్కన రంగుల పొయ్యి

ధర్మవరంలో మా వీధి బావులన్నీ ఉప్పునీళ్లవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని తియ్యబావి అనేవాళ్లం. తాగడానికి, వండడానికి వీధి మొత్తానికీ అదే దిక్కు. మా ఖర్మ ఏమిటంటే, మేం పట్టుకు రంగు వెయ్యడానికి కూడా ఆ నీళ్లే కావాలి. ఉప్పునీళ్లలో రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. అందుకని మా నాయన రంగుల పొయ్యిని సరిగ్గా ఆ బావి పక్కనే పెట్టాడు. మా వృత్తిలో అది తెలివైన పని అనిపించుకునేది.

అవి పందొమ్మిది వందల ముప్పైల చివరి రోజులు, నేను పదేళ్ల పిల్లను. ముడిపట్టుకు జిగురు వదలాలంటే ముందు సబ్బు, సోడా వేసి ఉడకబెట్టాలి. తర్వాత విదేశాల నుంచి డబ్బాల్లో వచ్చే సీమరంగు కలిపిన కాగులో ముంచాలి. మిగిలిన నీళ్లన్నీ బావి వెనక తవ్విన గుంతలో పారబోసేవారు. ఎంత పోసినా ఆ గుంత నిండేది కాదు. మగవాళ్లు దాన్ని భూమి గొప్పతనం అనుకున్నారు. తాగిన నీళ్లను భూమి ఎక్కడికి పంపుతోందో ఒక్కరూ అడగలేదు.

మొదట్లో ఆడవాళ్లు సంతోషించారు కూడా. కందిపప్పు పొయ్యి మీద పెట్టీ పెట్టకముందే మెత్తగా ఉడికిపోయేది. కట్టెలు కలిసొస్తున్నాయని బావికి పసుపు కుంకుమ పెట్టారు. అది గుంతలోంచి బావిలోకి ఊరిన సోడా మహిమ అని ఎవరికి తెలుసు? కొన్నాళ్లకు అన్నం పసుపుపచ్చగా దిగడం మొదలైంది. నీళ్లు తాగితే సబ్బు నాకినట్టుండేది.

మా చెల్లెలికి అప్పుడు మూడేళ్లు. ఆ ఎండాకాలం దాని కడుపులో ఏదీ నిలవలేదు, తిన్నది తిన్నట్టే వాంతి. వైద్యుడిచ్చిన మాత్రను అమ్మ ఆ నీళ్లలోనే అరగదీసి పోసేది. చివరికి ఆమెకే అనుమానమొచ్చి, చెంబెడు నీళ్లు తెచ్చి నాయన ముందు పెట్టింది.

"ఈ నీళ్లు బాగలేవు. పొయ్యి ఈడనుంచి తియ్యి."

నాయన చెంబును వెలుగులోకి ఎత్తాడు. రంగులవాడు కదా, నీళ్లలో రంగు కలిసిందా లేదా అన్నదే చూశాడు. చుక్క నోట్లో వేసుకోలేదు.

"రంగు యాడుండాది? తేటగుండాయి. పిల్లకు దిష్టి తగిలింటాది."

అమ్మ ఆ మర్నాటి నుంచే చిత్రావతి ఏటి ఇసుకలో చెలమ తవ్వి బిందెతో నీళ్లు మోసుకు రావడం మొదలుపెట్టింది. అప్పటికే ఆలస్యమైంది. చెల్లెలు పోయింది. ఆ నీళ్లే దాన్ని పొట్టన పెట్టుకున్నాయని నేను రుజువు చెయ్యలేను. ఈ వయసులోనూ నా నమ్మకం మాత్రం అదే. నాయన మీద కోపం కూడా చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

పొయ్యి మండుతూనే ఉంది. శ్రావణం పెళ్లిళ్ల కోసం వేసిన ఎర్రపట్టు ఒకనాడు కాగులోంచి మచ్చలతో పైకి లేచింది. మళ్లీ ముంచినా మచ్చలే. నాయన దోసెడు బావినీళ్లు తీసుకుని, వేళ్లతో రుద్ది, నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"చెడిపోయినాయి ఈ నీళ్లు," అన్నాడు. మధ్యాహ్నానికల్లా పొయ్యిరాళ్లు పెరికించాడు.

అమ్మ గడపలో నిలబడి అంతా చూసింది.

"బిడ్డ కక్కుకుంటాంటే నీళ్లు బాగుండాయంటివి. పట్టు చెడితే ఒక్క పూటకే తెలిసిందా నీకు?"

నాయన రాళ్లను బండిలో వేయించి పక్క వీధికి తోలించాడు. అక్కడా ఒక మంచినీళ్ల బావి ఉంది. బండి చేరకముందే అమ్మ పరుగున పోయి, నీళ్లు చేదుకుంటున్న ఆడవాళ్లకు చెల్లెలి సంగతి మొత్తం చెప్పింది. వాళ్లు విన్నారు, కళ్లొత్తుకున్నారు. వాళ్ల ఇళ్లలో మగ్గాల మీదున్నదీ, వాళ్లకు కూడు పెట్టేదీ మా నాయన రంగు వేసిన పట్టే. మర్నాడు ఆ బావి పక్కన పొయ్యి వెలిగింది.