కుర్చీ చెయ్యి

పంతొమ్మిదివందల అరవైల చివర్లో ఓ వానాకాలం మా అమ్మ పెరట్లో పాచి మీద జారిపడింది. తుంటికి దెబ్బ తగిలింది. కింద కూర్చుంటే లేవలేకపోయేది, పీట మీదైనా అంతే. చేతులున్న కుర్చీలో కూర్చుని, ఆ చేతుల మీద ఆని లేవాలని డాక్టరు చెప్పాడు. కోటబొమ్మాళి పక్కన మా ఊళ్లో అలాంటి కుర్చీ ఎవరింట్లోనూ లేదు. నాన్న విజయనగరం వెళ్లి ఒకటి కొని, బస్సు టాపు మీద వేయించుకొచ్చాడు. వంట నా మీద పడింది.

ఆ కుర్చీ చేతులు బోల్టులతో బిగించేవి. లోపలా బయటా మరలున్న ఇత్తడి గొట్టం కర్రలో దిగి ఉండేది. బోల్టు అందులోకి ఎక్కాలి. మా వీధి వడ్రంగి చూసి, "కర్రని కర్రే పట్టాల బాబూ, బోల్టు పట్టదు" అన్నాడు. నాన్న మొహం మాడ్చుకున్నాడు. నెల తిరక్కముందే కుడివైపు గొట్టం వదులై బోల్టుతో పాటు గిర్రున తిరగసాగింది. అమ్మ లేవబోతే కుర్చీ చెయ్యి ఊడొచ్చింది. ఇక లేవాలంటే నేనో నాన్నో పట్టుకోవాల్సిందే. చెంబు తీసుకుని దొడ్డికి వెళ్లడానికి కూడా మమ్మల్ని పిలవాల్సి రావడం ఆవిడకు చచ్చేంత సిగ్గుగా ఉండేది.

వడ్రంగిని పిలిస్తే ఓడిపోయినట్టే కాబట్టి నాన్నే రిపేరుకు దిగాడు. మొదట గొట్టానికి గుడ్డపీలిక చుట్టాడు. రెండు రోజులు ఆగింది. తర్వాత బెల్లం, సున్నం కలిపి నూరి కన్నం నిండా కూరాడు. విజయనగరం కోట అలాగే కట్టారని ఎవరో చెప్పారట.

"కోట గోడే నిలబడ్డాది. కుర్సీ సెయ్యి నిలబడదేటి?" అన్నాడు.

"కోట గోడ పట్టుకొని ఎవులు లెగిసినారు?" అంది అమ్మ.

మర్నాడు మధ్యాహ్నానికి చీమలొచ్చాయి. అప్పుడు నేను బావి దగ్గర, నాన్న పొలంలో. అమ్మ కుర్చీలో. మేం వచ్చేసరికి ఆవిడకు మోచేతి దాకా దద్దుర్లు. ఏమీ అనలేదు. ఆ అనకపోవడం భరించలేకే నాన్న చెప్పులేసుకుని వడ్రంగి ఇంటికి నడిచాడు.

వడ్రంగి దెప్పుతాడనుకున్నాం. దెప్పలేదు. గొట్టం పీకి లోపలికి చూసి, "కుర్సీ తప్పు నేదు బాబూ. కన్నం అరిగిపోనాది. అరిగిన కన్నంలో ఏటి కూరినా నిలవదు" అన్నాడు. కన్నాన్ని ఇంకా పెద్దది చేసి, తుమ్మకర్ర మేకుకు బంక రాసి దిగ్గొట్టి, రోజంతా ఆరనిచ్చాడు. మర్నాడొచ్చి ఆ మేకు నడుమ కొత్త కన్నం తొలిచి, గొట్టాన్ని మర తిప్పి ఎక్కించాడు. బోల్టు బిగించాక తన బరువంతా దాని మీద మోపి చూశాడు.

అమ్మ కూర్చుంది. ఎవరి వంకా చూడకుండా రెండు చేతులూ ఆనించి లేచింది. గోడ పట్టుకుని మెల్లగా వంటింట్లోకి వెళ్లింది. గట్టు మీద నేను దించిపెట్టిన చారు అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసింది. గిన్నె తీసుకెళ్లి కుడితి తొట్టిలో కుమ్మరించింది.

"ఒసే గుంటా, సింతపండు నానెట్టు" అంది.

రెండు నెలలుగా అదే చారు మారుమాట లేకుండా పోసుకు తిన్న మనిషి. నాకు కోపం రావలసింది. జాడీలోంచి చింతపండు తీస్తుంటే సంతోషానికి ఏడుపొచ్చేసింది.