పెద్దాయన వేళ్ళ తప్పు కాదు

మా పక్కింటి పెద్దాయన పోయాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. ఒక మంగళవారం పొద్దున నిద్రలోనే పోయాడని ఆయన కూతురు మా తలుపు తట్టి చెప్పింది. ఎనభై దాటిన మనిషి, పోయే వయసేగా అని ఎవరైనా అంటే అననివ్వండి. నేను ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది ఏడవడానికి మాత్రమే కాదు. పోయేముందు ఆయన మీద ఒక మాట పడింది. అది అబద్ధం. ఆ అబద్ధానికి కారణం నేను.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నా మాటను ఎక్కడా మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

అనంతపురం దగ్గరి పల్లె నుంచి కొడుకు వెంట ఇంగ్లండులోని షెఫీల్డ్ వచ్చి పదమూడేళ్ళయింది. వచ్చిన కొత్తలో గోడ అవతల నుంచి ఈ మనిషి "గుడ్ మార్నింగ్, లవ్" అన్నాడు. నేను చీపురు పట్టుకునే లోపలికొచ్చి కోడల్ని పిలిచాను.

"ఏమే, ఆ ముసలాయన నన్ను లవ్వంటాండాడు. నా వయసు చూసి మాట్లాడమను."

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. "అత్తా, ఈడ బస్సు డ్రైవరు కూడా లవ్ అనే అంటాడు. మనం అమ్మా అన్నట్ట."

ఆ తరువాత వారం గోడ మీదుగా ఒక వాసన వచ్చింది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నా కాళ్ళు వాటంతట అవే పెరట్లోకి నడిచాయి. ఆయన ఒక పొడుగు తుపాకీ గొట్టాన్ని వేడినీళ్ళ బకెట్లో నిలబెట్టి కడుగుతున్నాడు. మా నాయనకు అచ్చం అలాంటిదే ఉండేది. అడవిపందులు వేరుశనగ చేలమీద పడకుండా కాపలాకు. గొట్టం మూతిలో మందు పోసి, కడ్డీతో కూరి, పక్కనున్న ఇనుప మొలక నెత్తిన రాగి టోపీ తొడిగి పేల్చే తుపాకీ. నాకు ఇంగ్లీషు రాదు కదా, అదంతా చేతులతో చేసి చూపించాను. పోసినట్టు, కూరినట్టు, వేలితో టోపీ నొక్కినట్టు. ఆయన కాసేపు నోరు తెరుచుకుని చూసి, చేతిలోని గుడ్డ పడేసి, గోడ దగ్గరికొచ్చి నాకు చేయి అందించాడు. మా స్నేహం అంతే. పదమూడేళ్ళూ సగం మాటలతో, సగం చేతులతో నడిచింది.

నా మోకాళ్ళు పాడైన ఏడాది కొడుకూ కోడలూ పనికి పోతే ఆయనే నన్ను బస్సులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాడు. కౌంటర్ దగ్గర అమ్మాయి నాకు అర్థం కావాలని గొంతు పెంచి అరుస్తుంటే, "నెమ్మదిగా చెప్పు, గట్టిగా కాదు. ఈమెకు చెవుడు లేదు" అన్నాడట. ఆ అమ్మాయే తరువాత కోడలికి చెబితే నాకు తెలిసింది. డాక్టరు గదిలోకి మాత్రం ఎప్పుడూ రాలేదు. బయట పేపరు చదువుతూ కూర్చునేవాడు. వేరుశనగ చట్నీ ఇస్తే రొట్టెకు రాసుకుని తిని, ఖాళీ సీసా కడిగి, తుడిచి, మూత పెట్టి గోడ మీద ఉంచేవాడు. కోపం వస్తే పెదవులు బిగించి కాసేపు ఆగేవాడు. టోపీ పేలకపోతే తుపాకీని గురివైపే పట్టుకుని ఒక నిమిషం ఆగాలి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు, మనుషులతో కూడా అంతే అనేవాడు. ఇంకో మాట అనేవాడు: "మొదటి దెబ్బకు పేలాలి. రెండో దెబ్బకు పేలితే అది అదృష్టం, తుపాకీ పనితనం కాదు."

ఇక అసలు సంగతి. టోపీ తొడిగే ఆ ఇనుప మొలకను ఇక్కడ నిపిల్ అంటారు. దాని నడుమ సన్నని రంధ్రం ఉంటుంది. మీద నుంచి తుపాకీ సుత్తి పడితే టోపీ పేలి, ఆ నిప్పు రంధ్రంలో నుంచి లోపలి మందుకు అంటుకుంటుంది. ఎన్నో ఏళ్ళ నిప్పుకు పెద్దాయన తుపాకీ నిపిల్ రంధ్రం కాలి పెద్దదైంది. పేలినప్పుడల్లా మందు పొగ వెనక్కి తన్ని సుత్తిని పైకి లేపుతోంది. దాన్ని విప్పి వెలుతురుకు పెట్టి నాకు చూపించాడు. కొత్తది వేయాలన్నాడు.

ఆయనకు నేను ఇచ్చింది చట్నీ తప్ప ఏముంది? పుట్టినరోజుకు ఈ నిపిల్ నేనే ఇవ్వాలనుకున్నాను. ఆయన పాత డబ్బాలోంచి అరిగిపోయినదొకటి అడిగి తెచ్చుకున్నాను. కోడలు దాని మర కొలిచి ఫోన్లో వెతికింది.

"అత్తా, మర దొరికింది. టోపీ సైజు ఏదని అడుగుతాండారు. రెండు మూడు రకాలుండాయంట. ఒక్క మాట ఆయన్నే అడిగితే?"

"అడిగితే ఇంక బహుమానమెట్లయితాది? టోపీ అంటే టోపీనే. మా నాయన పుట్టినప్పట్నుంచి ఒకటే టోపీ. మర సరిపోతే సాలు. ఆ తళతళలాడేది పెట్టు."

మా ఊరి సంతలో ఒకే రకం టోపీ దొరికేది. ప్రపంచమంతా అంతే అనుకున్నాను. అంత గట్టిగా చెప్పినందుకు ఇప్పటికీ నా నాలుక కొరుక్కుంటున్నాను.

పెద్దాయన చిన్న పానాతో దాన్ని బిగించాడు. వెన్నలో వేలు దిగినట్టు మర దిగింది. ఒక టోపీ తొడిగి వేలితో నొక్కి, కొంచెంసేపు అలాగే చూశాడు. ముచ్చటపడుతున్నాడనుకున్నాను. "బ్రిలియంట్, లవ్" అన్నాడు. ఆదివారం వాళ్ళ తుపాకీ క్లబ్బులో జరిగే గురి పోటీకి నేనూ వస్తాను, నా నిపిల్ ఎలా పేలుతుందో చూస్తానన్నాను. ఆ మాట అనకపోయినా బాగుండేది.

ఆ ఆదివారం ఊరి బయట క్లబ్బు మైదానంలో బెంచీ మీద కూర్చున్నాను. పెద్దాయన గురి పెట్టాడు. సుత్తి పడింది. టక్. అంతే. ఆయన కదలకుండా నిమిషం ఆగి, మళ్ళీ సుత్తి ఎత్తాడు. ఈసారి పేలింది. తరువాతదీ అంతే. మొదటి దెబ్బకు టక్, రెండో దెబ్బకు మోత. సమయం అయిపోయింది. సగం గుళ్ళు కాల్చనే లేదు.

క్లబ్బు కెప్టెన్ ఆయన పక్కకు వచ్చాడు. కోడలు నా పక్కనే ఉండి విన్నది విన్నట్టు చెప్పింది.

"టోపీ పూర్తిగా కిందికి నొక్కడం లేదు నువ్వు. వేళ్ళలో బలం తగ్గిందా?"

పెద్దాయన నా వైపు తిరిగాడు. నేను చేయి ఊపాను. ఆయనా ఊపాడు. అప్పుడు కెప్టెన్‌తో అన్నాడు. "అవును. వేళ్ళు మొద్దుబారాయి."

రెండు వారాలకు జట్టులోంచి ఆయన పేరు తీసేశారు. ఇకమీదట ఒక్కడే కాల్చకూడదు, పక్కన ఒకరు నిలబడాలన్నారు. ముప్పై ఏళ్ళు ఆ జట్టులో ఉన్న మనిషి. ఆ తరువాత ఆయన మైదానానికి పోనేలేదు. చలికాలం వచ్చింది, జబ్బు వచ్చింది. అంత్యక్రియల నాడు టీ కప్పులు పట్టుకుని అందరూ ఒకటే మాట: పాపం, చివర్లో వేళ్ళు పోయాయి.

పది రోజులకు ఆయన కూతురు ఒక చిన్న రేకు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇది మీకు ఇవ్వాలనిపించిందని అంది. తెరిస్తే నా నిపిల్. కాగితంలో చుట్టి ఉంది, నెత్తిన పేలిన టోపీ రేకు ఇరుక్కుని ఉంది. డబ్బాలో నాలుగు కొత్త టోపీలున్నాయి. ఆ రేకు గీకేసి ఒక కొత్త టోపీ పెట్టి నొక్కాను. దిగలేదు. బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాను. సగంలోనే ఆగింది. నా నిపిల్ తల లావు. మొదటి దెబ్బంతా టోపీని కిందికి దించడానికే సరిపోయింది. రెండో దెబ్బకు గాని అది పేలదు. ఏ వేళ్ళయినా ఒకటే, ఇరవై ఏళ్ళ పిల్లవాడి వేళ్ళయినా.

"మీ నాయనకు ఇది తెలుసా?" అని కోడలి చేత అడిగించాను.

కూతురు తల ఊపింది. "తెలుసు. ఆ రోజే కార్లో చెప్పాడు. ఆమెకు చెప్పావంటే నీతో మాట్లాడనన్నాడు."

పెద్దాయనా, నువ్వు చేసిన ఈ ఒక్క పని నాకు నచ్చలేదు. ఒక్క మాట అని ఉంటే నేను రెండు రోజులు బాధపడి లేచేదాన్ని. నా మనసు నొచ్చుకోకూడదని ముప్పై ఏళ్ళ పేరు వదులుకుంటావా? ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దినా సరిపోయేది కదా. ఇచ్చిన వస్తువును రుద్దితే నాకు తెలుస్తుందని అదీ చేయలేదు.

మరుసటి ఆదివారం డబ్బా పట్టుకుని క్లబ్బుకు పోయాను. పెద్దాయన తుపాకీ ఇప్పుడు కెప్టెన్ దగ్గరే ఉంది, ఆయనకే ఇవ్వమని రాసి పెట్టాడట. అందరి ముందు నిలబడి తెలుగులోనే చెప్పాను, కోడలు ఇంగ్లీషులో అంది.

"ఆయన వేళ్ళు బాగుండాయి. తప్పు నాది. నా మాట నమ్మొద్దు, పేల్చి సూడండి."

కెప్టెన్ తుపాకీ అందుకున్నాడు. నా నిపిల్ బిగించి తానే మందు పోసి కూరాడు. టోపీ నొక్కాడు. గట్టి మనిషి, భుజాలు తలుపంత. సుత్తి పడింది. టక్. నిమిషం ఆగాడు. మళ్ళీ ఎత్తాడు, పేలింది. నా నిపిల్ తీసి, తుపాకీతోపాటు వచ్చిన పెద్దాయన పాతది బిగించాడు. కాలిన రంధ్రమున్నదే. మొదటి దెబ్బకే మైదానం అదిరింది. మళ్ళీ కూరాడు, మళ్ళీ మొదటి దెబ్బకే.

ఒకామె, "అయ్యో, మనమంతా..." అని ఆపేసింది.

"నిపిల్ విప్పి చూడాల్సింది నేను" అన్నాడు కెప్టెన్. "నేను వేళ్ళనే చూశాను."

"అవును, సూడాల్సింది" అన్నాను నేను. కోడలు దాన్ని మెత్తగా చెప్పబోతే కుదరదన్నాను.

అందరూ టీకి లోపలికి పోయారు. చినుకులు మొదలయ్యాయి. కెప్టెన్ ఒక్కడే బల్ల దగ్గర నిలబడి నా నిపిల్ నెత్తిన ఒక టోపీ పెట్టి నొక్కుతున్నాడు. తీస్తున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. అది దిగడం లేదు. తడుస్తున్నా ఆపలేదు. మేము బయలుదేరుతుంటే కారు దగ్గరికొచ్చి నాకు చేయి అందించాడు. ఆయన బొటనవేలి కొన మీద, వాన నీటి కింద, చిన్న గుండ్రటి అచ్చు ఎర్రగా దిగబడి ఉంది.