ఆండాలక్క మానేసిన గోలీలు

ఈ ఉదయం పక్కింటి గుమ్మానికి వేపమండలు కట్టారు. పసుపునీళ్లతో కలిసిన ఆ పచ్చి చేదు వాసన మా వాకిట్లోకి రాగానే నాకు ఒళ్లు మండిపోయింది. నా కోపం అమ్మవారి మీద కాదు, చనిపోయి ఇన్నేళ్లయినా ఆండాలక్క మీదే.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను రామన్నపేటలో సాలెల వాడకు కోడలిగా వచ్చాను. ఆండాలక్క మా పక్కింట్లో మగ్గం నేసేది. ఏడాది తిరగకముందే నా వేళ్లు వాచి, తెగిన పోగు ముడివేయడం కూడా చేతకాకుండా పోయింది. బుగ్గలు ఎర్రగా కందాయి. మా అత్త అమ్మవారనుకొని నన్ను వేపాకుల మీద పడుకోబెట్టింది. చూడవచ్చిన ఆండాలక్క నా మొహం వెలుతురుకు తిప్పి చూసి, అత్త మీద గయ్యిమంది.

"గిది అమ్మతల్లి కాదత్తమ్మా! నాకున్న బీమారే గీ పిల్లకొచ్చింది. లే పిల్లా, నల్గొండ పోదాం."

ఏం పాపం చేశానోనని బస్సులో ఏడుస్తూ కూర్చున్నాను.

"పాపం లేదు, పాడు లేదు," అని కసిరింది. "రోగాలు రాకుండ మన ఒంట్ల కావలి ఉంటదట. ఇంటి కుక్క అనుకో. దానికి మతి దప్పి ఇంటోళ్లనే కరుస్తాంది. గోలీలు దానికి గొలుసు. నిమ్మళమైంది గదా అని ఇప్పినవో, మళ్ల మీద వడ్తది."

డాక్టరు రక్తపరీక్షలు చేయించి లూపస్ అన్నాడు, రోజూ వేసుకొమ్మని మాత్రలు రాశాడు. చాలాసేపు వివరించాడు గానీ నా బుర్రకెక్కింది ఆ కుక్క సంగతే. అప్పటినుంచి రోజూ పొద్దున్నే గోడవతల నుంచి "ఏసుకున్నవా?" అని ఆండాలక్క కేక. జవాబిచ్చేదాకా వదిలేది కాదు. అబ్బ, ఎంత విసుక్కునేదాన్నో!

ఒక ఎండాకాలం ఆమె కూతురు కవితకు నిజంగానే అమ్మవారు పోసింది. అమ్మవారున్న ఇంట్లో ఎవరూ మందు ముట్టరు, పోపు పెట్టరు. బిడ్డను సాకే తల్లికైతే ఆ పట్టింపు మరీ ఎక్కువ. ఆండాలక్క గోలీలు మానేసింది. గోడ దగ్గర నిలబడి బతిమాలాను. అప్పటికే ఆమె మొహం ఉబ్బింది.

"నువ్వే గదక్కా నాకు చెప్పింది!"

"నా ఒంటి సంగతి నాకెర్కే పిల్లా. అమ్మతల్లికి కోపమొచ్చి నా బిడ్డ కండ్లు తీస్కపోతే? తలనీళ్లు పోసేదాంక ఆగుత."

అమ్మవారు తగ్గి కవితకు తలనీళ్లు పోసిన రోజే ఆండాలక్కను ఆటోలో వేసుకొని నల్గొండ దవాఖానకు పరుగెత్తాం. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. ప్రాణంతో తిరిగి రాలేదు. అన్నీ తెలిసి ఇంత పని చేస్తావా అని తిట్టుకుంటూ ఏడ్చాను. నాకూ ఒక బిడ్డ పుట్టాక ఆ కోపంలో సగం పోయింది. మిగతా సగం పోలేదు.

కవిత ఇప్పుడు నల్గొండలో డిగ్రీ చదువుతోంది. మొన్న మా ఇంటికొచ్చి ఉన్నట్టుండి అడిగింది.

"చిన్నమ్మా, గోలీలు ఏసుకుంట గూడ మా అమ్మకు గట్లెట్లయింది?"

"గీ జబ్బే గంత బిడ్డా. ఒక్కోసారి మందుకు గూడ లొంగదు," అన్నాను.

కవిత నమ్మింది. బతికున్నంతకాలం ఆ మాట మార్చను.