అక్క ప్రకటించిన చివరి నెల

మా అక్కకి అలసట అంటే ఏమిటో తెలియదని మా ఇంట్లో అందరి నమ్మకం. ఆ నమ్మకాన్ని పుట్టించింది అక్కే, పెంచి పోషించింది మేము. చదువు అబ్బక చిన్నప్పుడే ఒక పార్లర్‌లో కింద పడ్డ జుట్టు ఊడవడానికి చేరింది. కొన్నాళ్ళకి చీపురు పోయి చేతికి కత్తెర వచ్చింది. నలభై దాటినా ఆ కత్తెర కింద పెట్టలేదు. మా బావ బస్సు డ్రైవరు. రోజంతా కూర్చుని ఇంటికొచ్చి నడుం నొప్పి అంటాడు. రోజంతా నిలబడి వచ్చిన అక్క ఆయన నడుముకి మందు రాస్తుంది. చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, మొగుడూ పెళ్ళాల మధ్య నేనెవర్ని మాట్లాడటానికి?

అక్క సొంతంగా పెట్టుకున్న పార్లర్ ఒకే ఒక్క గది. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, తల కడిగే సింకు, కిటికీ పక్కన నా కుట్టుమిషను. తలలు అక్కవి, మెడ కింద నుంచి నావి. ఎవరికైనా బట్టలు బిగుతైతే వదులు చేస్తాను, జిప్పు ఊడితే కొత్తది వేస్తాను. అద్దె సగం సగం. కాబట్టి ఆ గది ఉంటే నేనూ ఉన్నట్టు, పోతే నేనూ రోడ్డున పడ్డట్టు.

ఆ గదిలో మూడో మనిషి కూడా ఒకతె ఉండేది, అద్దం కింద అరమీద ఫోనులో. తన పాటలు తనే రాసుకుని పాడే గాయని. ఆవిడ నుదుటి మీద జుట్టు ఒకవైపు పొట్టిగా, ఒకవైపు పొడుగ్గా ఉంటుంది. నేను ఆవిడకి వంకరజుట్టు మహాతల్లి అని పేరు పెట్టాను. అక్క మాత్రం ‘మా పిల్ల’ అనేది. మొదటిసారి ఆవిడ ఫోటో చూడగానే “ఇది చేతకాక వచ్చిన వంకర కాదే. కొలిచి కత్తిరించింది. ఒక్కసారి చూస్తే మళ్ళీ మర్చిపోలేం, అందుకని” అంది. ఆ రోజు నుంచి భక్తురాలైపోయింది.

మామూలు అభిమానులైతే పాట వింటారు, ఊగుతారు, ఊరుకుంటారు. అక్క అలా కాదు. పాటని ముక్కలు ముక్కలుగా విప్పి చూసేది. తల మీద నీళ్ళు కారుతూ కూర్చున్న మనిషిని పట్టుకుని, “తాళం వేశాను, తలుపు మాత్రం... అని ఆపేసింది చూడండి. ఎందుకు ఆపేసిందంటారు?” అని అడిగేది. ఆవిడ పాపం కళ్ళలో షాంపూ పడి “తెలీదమ్మా” అనేది. “మిగతా ముక్క మీరు పాడాలని! మీరు పాడాక అది మీ పాట అయిపోతుంది. సొంత పాటని ఎవరైనా వదులుకుంటారా?” అని అక్కే జవాబు చెప్పేది. పాటలో ఒక కష్టమైన మాట ఉండదు, ఒక ఎక్కువ మాట ఉండదు అని మురిసిపోయేది. అమ్మడంలో కూడా ఆ పిల్లని మించినవాళ్ళు లేరనేది. ఒకసారి వానాకాలంలో ఆ గాయని గొడుగుల మీద పాటలో ఒక్క లైను అచ్చువేయించి ఊరి మీదికి వదిలిందట. పాటేమో వానలు తగ్గాక విడుదలైంది. “అప్పటికే జనం ఆ లైనుని నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నారే!” అని అక్క కత్తెర గాల్లో ఊపుతూ నవ్వింది. కస్టమరు తల పక్కకి తిప్పుకుంది.

అక్క మెచ్చుకోవడంతో ఆగలేదు, నేర్చుకుంది. వాకిలి అద్దం మీద ‘మీ జుట్టు మీ గురించి ఒక మాట చెబుతోంది, అదేమిటంటే...’ అని రాసి అంతటితో వదిలేసింది. దారినపోయేవాళ్ళు లోపలికి తొంగిచూసి అదేమిటని అడిగారు. కూర్చుంటే చెబుతానంది. కూర్చున్నవాళ్ళు కటింగ్ చేయించుకోకుండా లేవలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, అలా కొన్నేళ్ళు బాగానే గడిచింది.

తర్వాత వీధి మొదట్లో పెద్ద అద్దాల సెలూన్ తెరిచారు. చల్లగా ఏసీ, మెత్తటి సోఫాలు, తలుపు తీసిపెట్టే మనిషి. మా వాళ్ళు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. మా గది ముందు నుంచి పోతూ, అక్క కనిపిస్తే తలమీద చున్నీ కప్పుకునేవాళ్ళు, కొత్త కటింగ్ కనబడకుండా. అక్క అన్నీ చూసేది. అయినా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఖాళీ కుర్చీ వెనక నిలబడే ఉండేది. ఖాళీగా నిలబడితే కాళ్ళు ఇంకా ఎక్కువ పీకుతాయట.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ గాయని ఇక పాడనని ప్రకటించింది. ఇదే చివరి పాట అని ఒకటి వదిలింది. అందులో ‘నిలబడీ నిలబడీ నా నీడ కూలబడింది, నన్నెవరు కూర్చోమంటారు?’ అని ఉంది. జనం గగ్గోలు పెట్టారు. పాత పాటలన్నీ మళ్ళీ మోగాయి. అక్క మాత్రం కళ్ళు మెరిపిస్తూ నా మిషను దగ్గరికి వచ్చింది.

“రాసిపెట్టుకోవే, ఏడాది తిరక్కుండా వస్తుంది. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా, ఈ పిల్ల బతికుండగానే తన కళ్ళు చారెడు చేసుకుంది.”

“మరి ఆ నిలబడే బాధో?” అన్నాను.

“అది రాతలో తెలివి. కండక్టరు, టీచరు, వాచ్‌మన్, నేను, నిలబడి బతికేవాళ్ళం ఎంతమందిమి! ఒక్క లైనుతో అందర్నీ పట్టేసింది. బాధనుకున్నావా?”

వారం తిరిగేసరికి మా గుమ్మం మీద బోర్డు. ‘ఇన్నేళ్ళు మీ తలలు నా చేతుల్లో ఉన్నాయి. ఇది నా చివరి నెల.’ “పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ వ్యవహారం” అని అరిచాను. అక్క నవ్వింది. నెలాఖరున పెట్టాల్సిన రెండో బోర్డు కూడా ముందే అనుకుందట. ‘మీ ప్రేమ నన్ను వెళ్ళనివ్వలేదు.’ వచ్చినవాళ్ళని అప్పుడు మళ్ళీ కట్టిపడేయొచ్చని లెక్క. ఇది కూడా తప్పితే గది ఖాళీ చేయడమేనని ఇద్దరికీ తెలుసు. కాబట్టి నేను వెళ్ళి నా మిషను ముందు కూర్చున్నాను.

అక్క లెక్క తప్పలేదు. చున్నీలు కప్పుకుని పోయినవాళ్ళంతా చున్నీలు తీసి లోపలికి వచ్చారు. కూతుళ్ళని తెచ్చారు, అత్తగార్లని తెచ్చారు. కూర్చోను చోటులేక నా బట్టల మూటల మీద కూర్చున్నారు. పనిలో పనిగా నాకూ జిప్పులూ అంచులూ బోలెడు వచ్చాయి. బడి టీచరు ఒకావిడ తడి జుట్టుతో అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. లోపల నాకు పండగే. అక్కకి తినడానికి తీరిక లేదు, పాటలు పెట్టడానికి అసలే లేదు. సాయంత్రమయ్యేసరికి పాదాలు చెప్పుల్లో పట్టేవి కావు. పిక్కల మీద నరాలు నీలం దారప్పోగుల్లా ఉబ్బి కనబడేవి. నాకైతే చూస్తేనే తలప్రాణం తోకకొచ్చేది.

కానీ వచ్చినవాళ్ళంతా పోతూ పోతూ ఒకే మాట అనేవాళ్ళు. “ఇక హాయిగా కూర్చోండమ్మా. చాలా చేశారు.” మొదట్లో అక్క నాకేసి చూసి కన్ను కొట్టేది. తర్వాత కన్ను కొట్టడం మానేసింది. ఆ మాట వచ్చినప్పుడల్లా కత్తెర ఒక్క క్షణం ఆగేది. ఒక మధ్యాహ్నం నేను టీ తెచ్చేసరికి కస్టమర్ల కుర్చీలో తనే కూర్చుని ఉంది. అన్నేళ్ళలో ఆ కుర్చీలో అక్కని నేనెప్పుడూ చూడలేదు. ఏమైందని అడిగితే “ఊరికే” అంది.

నెలాఖరున గది యజమాని వచ్చాడు. మంచి మనిషే. “ఫోన్లు బాగుచేసే అతను ఒకడు అడుగుతున్నాడమ్మా. కానీ మీ దగ్గర రద్దీ చూస్తున్నాను. మీరు ఉంటానంటే చాలు, వాడికి లేదని చెప్పేస్తాను” అన్నాడు. నేను మిషను ఆపి ఊపిరి పీల్చుకున్నాను. అక్క తువ్వాళ్ళు మడతపెడుతోంది. చివరి తువ్వాలు మడిచి, మిగతావాటి మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి, “ఇచ్చేయండి” అంది.

ఆయన వెళ్ళాక నేను ఆగలేకపోయాను. “నీకు మతిపోయిందా? గెలిచాం కదే! రెండో బోర్డు పెట్టవా?”

“రాయబోయాను. చెయ్యి రాలేదు.”

“చెయ్యి రాకపోవడమేమిటి? మొదటిది రాయలేదూ?”

“మొదటిది అబద్ధమనుకుని రాశాను చెల్లీ” అంది, కళ్ళనీళ్ళతో. “రాసిన రోజు నుంచి హాయిగా నిద్రపడుతోంది. ఇంకా ఎన్ని రోజులుందో చూసుకుని చూసుకుని లేస్తున్నాను. రెండోది రాస్తే మళ్ళీ పొద్దున్నే ఇక్కడికొచ్చి నిలబడాలి. నావల్ల కాదే. నిన్ను ముంచుతున్నానని తెలుసు. అయినా నావల్ల కాదు.”

కోపంతో కొన్నాళ్ళు నేను తనతో మాట్లాడలేదు. నా మిషను అక్క వాళ్ళింటి వరండాలోకే మారింది కాబట్టి మాట్లాడకుండా ఉండటం కూడా కష్టమే అయింది. ఇంటి దాకా వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు తక్కువ. బేరం సగానికి పడిపోయింది. అక్క ఒక పళ్ళ డాక్టరు దగ్గర కుర్చీలో కూర్చుని చీటీలు రాసే పనికి చేరింది. జీతం అంతంతమాత్రం. పాత కస్టమర్లు బజారులో నన్ను ఆపి “అక్కగారు మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారు?” అని అడుగుతుంటారు. ఆ మహాతల్లిలాగే ఇదీ ఏదో ఎత్తు అనుకుంటున్నారో ఏమో.

అక్క అన్నట్టే ఏడాది తిరక్కుండా ఆ గాయని తిరిగొచ్చింది. బావ ఆ వార్త ఫోనులో చూసి ఇల్లంతా తిరిగాడు. “మీ అక్క అప్పుడే చెప్పింది! ఏం మార్కెటింగ్, ఏం బుర్ర! ఒక్క రోజులో ఎంతమంది విన్నారో చూడు” అంటూ కొత్త పాట గట్టిగా పెట్టాడు. నేను వరండాలో జిప్పు కుట్టడం ఆపి లోపలికి వచ్చాను. అక్క మంచం మీద కాళ్ళు చాపుకుని పాట చివరిదాకా వింది. మధ్యలో ఆపలేదు, ఏ లైనూ విప్పలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు.

“చెప్పవే, ఎలా రాసింది?” అన్నాడు బావ.

“రాతకేం, బాగానే రాసింది. గొంతు ఎంత అలిసిపోయిందో వినలేదా మీరు?” అంది అక్క. “పాపం, దాన్ని ఎవరైనా ఇంటికి పంపిస్తే బాగుండు.”