మధ్యలో మానేసినవాళ్ళు

మేడమ్ పోయారు. శనివారం పొద్దున వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా" అంది. నేనప్పుడు థీసిస్ మూడో అధ్యాయంలో కామాలు సరిచేస్తున్నాను. సోమవారం యూనివర్సిటీలో ఇచ్చేయాలి. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏడ్చాను. ఆ ఏడుపులో సగం భయమే. పదిహేను రోజుల కిందట ఆమె నన్నొక ప్రశ్న అడిగితే, జవాబు చెప్పకుండా పోట్లాడి వచ్చేశాను.

మారేడ్‌పల్లిలో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఒక వస్తువు మనుషులకి వాడుకోవడానికి సులువుగా ఉందో లేదో పరీక్షించే చదువు ఆమెది. యూజబిలిటీ అంటారు, నా పీహెచ్‌డీ కూడా అందులోనే. పరీక్షకురాలిగా ఆమెకొచ్చిన థీసిస్ కాపీలన్నీ చర్చి క్యాలెండర్ కాగితాల అట్టలు వేసుకుని ఇనప బీరువాలో ఉండేవి. పరిశోధన పద్ధతి ఎట్లా రాయాలని మా గైడ్‌ని అడిగితే, "సీనియర్లది చూసి రాసెయ్యమ్మా, అందరూ చేసేదే" అన్నారు. ఆ ముక్క మేడమ్‌తో చెబితే బీరువా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. "చూసి రాయకు. చూసి నేర్చుకో" అన్నారు.

"వెనకనుంచి చదవాలమ్మాయ్, ముందు పేజీల్లో అందరూ బుద్ధిమంతులే" అనేవారు. మొదట అనుబంధాలు, తర్వాత పరిమితులు, అప్పుడు పద్ధతి, ఆఖరున ఫలితాలు. రెండేళ్ళపాటు ఆదివారం ఆమె చర్చి నుంచి రాగానే భోజనాల బల్ల మీద ఇదే పని. శొంఠి టీ పెట్టేవారు. అది నాకు అస్సలు పడదు, అయినా తాగేదాన్ని.

ఒకసారి కొత్త మిక్సీ తెప్పించి చెల్లెలి ముందు పెట్టి, ఆవిడ ఎట్లా వాడుతుందో చూసి రాయమన్నారు. మూత బిగించలేక ఆవిడ అవస్థ పడుతుంటే నా చెయ్యి ఊరుకోలేదు, వెళ్ళి బిగించేశాను. మేడమ్ బల్ల మీద కొట్టి, "అయిపోయింది నీ పరిశోధన! ఇప్పుడు మనకి తెలిసిందల్లా నీకు మిక్సీ వచ్చని. చేతులు కట్టుకుని కూర్చో. ఆవిడ తిడితే ఆ తిట్టు రాసుకో" అన్నారు. చెల్లెలు నిజంగానే తిట్టింది, మిక్సీని కాదు, మా ఇద్దర్నీ. అదీ రాసుకున్నాను.

ఇంకోసారి టికెట్ మెషీన్ మీద ఎవరో చేసిన థీసిస్ చదువుతున్నాం. "విజిల్ వచ్చాక సమయం నమోదు చేశాము" అని ఉంది. టికెట్ మెషీన్‌కి విజిలేంటి! ఎవరిదో కుక్కర్ థీసిస్‌లోంచి దింపుకున్నాడు మహానుభావుడు. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. మేడమ్ నవ్వలేదు. "విజిల్ కనబడుతుంది కాబట్టి నవ్వుతున్నావు. దాంతోపాటు కనబడకుండా ఏమేం వచ్చాయో" అన్నారు. అప్పుడు నేనది పట్టించుకోలేదు.

నా థీసిస్ మందుల డబ్బా మీద. వేళకి లైటు వెలిగి, మాత్ర వేసుకోమని గుర్తుచేస్తుంది. పెద్దవాళ్ళున్న ఇళ్ళలో పెట్టి, ఎట్లా వాడారో రోజూ ఒక కాగితంలో రాసిపెట్టమన్నాను. చాలామంది బాగుందన్నారు. ఆరుగురు మాత్రం వారం తిరక్కుండా కాగితం నింపడం మానేశారు. "మధ్యలో మానేసినవారిని పరిగణించలేదు" అని మూడో అధ్యాయంలో రాసి చేతులు దులుపుకున్నాను. ఆ వాక్యం కూడా నాది కాదు, సీనియర్ థీసిస్‌లోంచి తెచ్చుకున్నదే. రెండేళ్ళు ఆమె దగ్గర కూర్చుని చివరికి నేను చేసిన నిర్వాకం అది. ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. నా థీసిస్ చూపించి డబ్బాని అమ్మకానికి పెడదామని దాన్ని చేసిన కంపెనీవాళ్ళు కాచుక్కూర్చున్నారు.

మేడమ్ నా కాపీ చదివి ఆ వాక్యం మీద వేలు పెట్టారు. బీరువాలోంచి నాలుగు థీసిస్‌లు తీసి బల్ల మీద పరిచారు. అక్షరం మారకుండా అదే వాక్యం ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచొచ్చింది. అన్నిటికన్నా పాతది ఆ కుక్కర్ థీసిస్. అందులో మానేసినవాళ్ళంటే, ఇల్లు ఖాళీ చేసి వేరే ఊరు వెళ్ళిపోయినవాళ్ళు.

"నీ ఆరుగురూ ఏమయ్యారమ్మాయ్?"

"డేటా సగమే ఉంది మేడమ్, అందుకే తీసేశాను."

"డేటా సంగతి కాదు. మనుషులు ఏమయ్యారు? డబ్బాలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉన్నాయా?"

ఉన్నాయి. వెనక్కి తెచ్చుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. "మీకేం మేడమ్, హాయిగా ఇంట్లో కూర్చున్నారు. నాకు గడువు ముంచుకొస్తోంది" అని నోరు పారేసుకున్నాను. ఆమె కోపగించుకోలేదు. "వెళ్ళి చూసిరా. ఏమీ లేకపోతే అప్పుడు వచ్చి తిట్టు" అన్నారు. నాతో ఆమె అన్న ఆఖరి మాట అదే.

మేడమ్ అంత్యక్రియలయ్యాక సమాధుల తోట నుంచి ఇంటికొచ్చి ఆరు అడ్రసులూ రాసుకుని బయల్దేరాను. మొదట సీతాఫల్‌మండిలో టైలర్ చాచా ఇల్లు.

"రెండు లైట్లు వెలుగుతుండె బేటా. రెండు గోళీలు మింగాల్నేమో అనుకున్న. గట్ల రెండు దినాలు మింగిన. కండ్లు తిరిగి మిషన్ మీదనే పడ్డ. మా ఇంటామె పరేషానై దాన్ని తీసి అల్మారల పడేసింది."

రెండో లైటు మాత్రలు తగ్గిపోతున్నాయి, మళ్ళీ నింపమని చెప్పడానికి. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకెట్లా తెలుస్తుంది? "నాకు చెప్పలేదేంటి చాచా?" అన్నాను.

"నువ్వు మళ్ల రానేలేదు గద బేటా."

తర్వాత నాలుగిళ్ళు తిరిగాను. ఇద్దరు మూత తియ్యలేక మానేశారు. ఇద్దరిది చాచా కథే. డబ్బాలన్నీ తీసుకుని కార్ఖానా ప్రాంతంలో ఆరో ఇంటికి వెళ్తే తాళం వేసుంది. పక్కింటామె బయటికొచ్చింది.

"పెద్దమ్మను మొన్న దవాఖానకు తోల్కపోయిన్రు. షుగర్ మొత్తం పడిపోయిందంట, ఇంక కండ్లు తెరువలే."

"ఆమె మందుల డబ్బా వాడటం మానేసిందిగా?"

"ఏందీ మానేసుడు? కాయితం రాసుడు తక్లీఫని అది ఇడ్శిపెట్టింది గనీ, డబ్బ మాత్రం ఒక్కనాడు ఇడువలే. రెండు లైట్లు వెలిగితే రెండు షుగర్ గోళీలు మింగుతుండె."

మేడమ్ చెప్పిన రోజునే వెళ్ళుంటే సరిపోయేది. ఆ మాట ఇప్పుడు ఎన్నిసార్లు అనుకున్నా ఏం లాభం.

సోమవారం థీసిస్ ఇవ్వలేదు. గైడ్‌కి చెప్పాను, ఆస్పత్రి డాక్టర్లకి డబ్బా సంగతి చెప్పాను, అమ్మొద్దని కంపెనీకి రాశాను. కంపెనీ నుంచి ఇంకా జవాబు లేదు. మూడో అధ్యాయం ఆరుగురితో మొదలుపెట్టి మళ్ళీ రాస్తున్నాను. అది రాయడం నాకు నేర్పినావిడ ఇప్పుడు లేరు. నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు, నన్ను సిగ్గుపడేలా చేసింది మాత్రం ఆమె ఒక్కరే. అందుకు ఆమెకి బతికుండగా దణ్ణం పెట్టలేదు.

రోజూ సాయంత్రం ఆస్పత్రికి వెళ్ళి ఐసీయూ బయట కూర్చుంటున్నాను. పెద్దమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు. నిన్న ఆమె కొడుకు రెండు కప్పులతో వచ్చి, ఒకటి నాకందిస్తూ, "జెర ఛాయ్ తాగుండ్రి. రోజు వస్తున్నరు, మా అమ్మకు మీరేమైతరు మేడమ్?" అన్నాడు.

"ఆ డబ్బా మీ ఇంటికి తెచ్చింది నేనే" అన్నాను.

కప్పు పట్టుకున్నాను. ఆయన ఇంకా వదల్లేదు.